సి6 బంటు మీద కన్నేసి గెలిచిన గేమ్: క్వీన్స్ గాంబిట్‌లో తెల్లపావులతో నా అనుభవం

క్లాసికల్ టోర్నమెంట్లో నాకంటే బాగా ఎక్కువ రేటింగ్ ఉన్న ఆటగాడి మీద తెల్లపావులతో 37 ఎత్తుల్లో గెలిచాను. ఈ గేమ్ నాకు ఎందుకింత ఇష్టమంటే, 12వ ఎత్తులో బోర్డుకి ఒక మూల కదిపిన చిన్న బంటు వల్ల 25వ ఎత్తులో బోర్డుకి రెండో మూలన నా రాజు బతికిపోయాడు. అది ఎలా జరిగిందో మొదటి ఎత్తు నుంచి చెప్తాను. దగ్గర బోర్డు ఉంటే పావులు పేర్చుకుని చదవండి, లేకపోయినా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను. గడి పేరులో అక్షరం (ఎ నుంచి హెచ్) నిలువు వరుసని, అంకె (1 నుంచి 8) అడ్డ వరుసని చెప్తుంది. పావు పేరు లేకుండా గడి పేరే ఉంటే అది బంటు ఎత్తు. ప్రతి జతలో మొదటి ఎత్తు తెల్లది, రెండోది నల్లది.

టైమ్ కంట్రోల్ మామూలుదే, ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ప్రతి ఎత్తుకీ 30 సెకన్ల ఇంక్రిమెంట్ (అదనంగా కలిసే టైమ్). పేరింగ్ (ఎవరు ఎవరితో ఆడాలన్న జాబితా) ముందు రోజు రాత్రే వచ్చేసింది కాబట్టి ప్రిపేర్ అవ్వడానికి టైమ్ దొరికింది. డేటాబేస్‌లో ఆయన గేములు చూస్తే డి4కి ఎప్పుడూ ఒకటే జవాబు, క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్, అంటే తెల్ల సి4 బంటుని కొట్టకుండా ఇ6 వేసి డి5 బంటుని నిలబెట్టుకోవడం. పాతకాలపు గట్టి డిఫెన్స్ ఇది. 1927లో బ్యూనస్ ఎయిర్స్‌లో కాపాబ్లాంకా, అలెఖిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం 34 గేములు ఆడితే అందులో 32 ఇదే ఓపెనింగ్. అంత తేలిగ్గా బద్దలయ్యే గోడ కాదు. నేను మాత్రం చాలాకాలంగా దీని మీద ఎక్స్‌ఛేంజ్ వేరియేషనే ఆడుతున్నాను, ఎందుకంటే నాలుగో ఎత్తుకే సెంటర్లో బంట్లు మార్చేసుకుంటే ఆ తర్వాత ఏ బంటు ఎక్కడ నిలబడుతుందో ఇద్దరికీ తెలిసిపోతుంది, ఇక లైన్లు బట్టీ పట్టినవాడికంటే ప్లాన్ తెలిసినవాడికి లాభం. ఈ మధ్య కూడా, 2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూడో గేములో గుకేశ్ తెల్లతో డింగ్ లిరెన్‌ని ఓడించింది ఈ ఎక్స్‌ఛేంజ్ వేరియేషన్‌తోనే. పాతదైపోయింది అనే మాట నేను ఒప్పుకోను.

గేమ్ ఇలా మొదలైంది. 1. డి4 డి5 2. సి4 ఇ6 3. గుర్రం సి3 గుర్రం ఎఫ్6, నాలుగో ఎత్తుకి సి4 బంటుతో డి5 కొట్టాను, ఆయన ఇ6 బంటుతో తిరిగి కొట్టారు. 5. బిషప్ జి5 బిషప్ ఇ7 6. ఇ3, ఆయన రాజు వైపు క్యాస్లింగ్ (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో కదిపి రాజుని భద్రంగా పెట్టడం) చేసుకున్నారు. 7. బిషప్ డి3 గుర్రం డి7 8. గుర్రం ఎఫ్3 రూక్ ఇ8 9. క్వీన్ సి2 గుర్రం ఎఫ్8, పదో ఎత్తుకి నేనూ క్యాస్లింగ్ చేసుకున్నాను, ఆయన సి6 వేశారు.

ఇక్కడ కాస్త ఆగాలి, మొత్తం గేమ్ ఈ బంట్ల అమరిక మీదే నడిచింది. దీన్ని కార్ల్స్‌బాడ్ స్ట్రక్చర్ అంటారు. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని కార్లోవీ వారీనే ఒకప్పటి కార్ల్స్‌బాడ్, అక్కడ 1907, 1911, 1923, 1929 సంవత్సరాల్లో పెద్ద పెద్ద టోర్నమెంట్లు జరిగాయి. తెల్లకి డి4, ఇ3 దగ్గర బంట్లు, సి ఫైల్ (నిలువు వరుస) సగం తెరిచి ఉంటుంది, అంటే అందులో తన బంటు ఉండదు. నల్లకి సి6, డి5 దగ్గర బంట్లు, ఇ ఫైల్ సగం తెరిచి ఉంటుంది. ఇందులో తెల్లకి ప్రధానంగా రెండు దారులు. ఒకటి, గుర్రాన్ని ఎఫ్3కి బదులు ఇ2కి తెచ్చి, ఎఫ్3 బంటు వేసి, నిదానంగా ఇ4 తోయడం. 1952లో సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో బోత్వినిక్ ఇలాగే ఆడి కెరెస్‌ని సెంటర్లోంచి తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. రెండోది మైనారిటీ ఎటాక్. క్వీన్ వైపు తెల్లకి ఎ, బి బంట్లు రెండే, నల్లకి ఎ, బి, సి బంట్లు మూడు. ఆ రెండింటిని మూడింటి మీదికి తోస్తాం. తక్కువ ఉన్న చోట దాడి చేయడమేంటి అని కొత్తలో అందరూ అడుగుతారు, నేనూ అడిగాను. బంటు గెలుచుకోవడం కోసం కాదు ఆ దాడి. బి బంటుని బి5 దాకా తోసి సి6 మీద కొడితే, నల్ల బి7 బంటుతోనే తిరిగి కొట్టాలి, అప్పుడు సి6 దగ్గర మిగిలే బంటుకి పక్కన అండగా నిలిచే బంటు ఇంకోటి ఉండదు. తెరిచిన సి ఫైల్లో నా క్వీన్, రూక్ దాని మీద కూర్చుంటాయి. గేమ్ అయ్యేదాకా నల్లపావులు దానికి కాపలా కాస్తూనే ఉండాలి.

నేను రెండో దారి ఎంచుకున్నాను. 11. ఎ రూక్ బి1 గుర్రం జి6 12. బి4 ఎ6 13. ఎ4. ఆ బి4 బంటుని ఇ7 బిషప్‌తో కొట్టలేరు, వెనక బి1లో రూక్ ఉంది.

ఆయన 13వ ఎత్తు గుర్రం ఇ4. ఇది అందరూ వేసే సహజమైన ఎత్తు, పావులు మార్చుకుని ఊపిరి తీసుకోవడానికి. 14. బిషప్‌తో ఇ7 కొట్టాను, క్వీన్‌తో తిరిగి కొట్టారు. 15. బి5 వేశాను, ఎ బంట్లు మారిపోయాయి. 16వ ఎత్తుకి ఆయన బిషప్ ఎఫ్5కి వచ్చింది, 17వ ఎత్తుకి నేను అనుకున్నట్టే బి బంటుతో సి6 కొట్టాను, ఆయన బి7 బంటుతో కొట్టారు. ఆ బంటు సి6లో ఒంటరిగా నిలబడగానే నాకు సగం టెన్షన్ తగ్గిపోయింది, ఎందుకంటే ఇక ఏం ఆడాలి అనే ప్రశ్న లేదు, ఎలా ఆడాలి అన్నదే మిగిలింది.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. సి3 గుర్రాన్ని ఇ2కి వెనక్కి తీసి సి ఫైల్ తెరిచి మెల్లగా నొక్కుతూ పోవడం ఒకటి, ఇ4 దగ్గర అన్నీ మార్చేసి వెంటనే సి6 మీదికి పోవడం ఇంకోటి. రెండోదే ఎంచుకున్నాను. 18. బిషప్‌తో ఇ4 గుర్రాన్ని కొట్టాను, ఆయన బిషప్‌తో కొట్టారు, 19. గుర్రంతో ఆ బిషప్‌ని కొట్టాను. ఇప్పుడు ఇ4 మీద నా గుర్రాన్ని ఆయన క్వీన్‌తో కొట్టొచ్చు, డి5 బంటుతో కొట్టొచ్చు. క్వీన్‌తో కొడితే క్వీన్లు మారిపోయి ఎండ్‌గేమ్ (తక్కువ పావులు మిగిలిన చివరి దశ) వస్తుంది, తెల్లకి కాస్త మెరుగు, అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. ఆయన చాలాసేపు చూసి బంటుతో కొట్టారు. అంటే ఎండ్‌గేమ్ వద్దు, నా రాజు మీదికి వస్తానని చెప్పినట్టే. ఆ బంటు ఇ4కి రాగానే ఎఫ్3లో ఉన్న నా గుర్రం కదలక తప్పదు, అది కదిలితే రాజు చుట్టూ కాపలా పలచబడుతుంది. నేను 20. గుర్రం డి2 వేశాను. క్వీన్ సి6ని చూస్తోంది, గుర్రం ఇ4ని చూస్తోంది. ఆయన ఎ8 రూక్‌ని సి8కి తెచ్చి సి6ని కాపాడి, "డ్రా?" అని నెమ్మదిగా అడిగి, క్లాక్ నొక్కారు.

రూల్ ప్రకారం సరిగ్గా అడిగారు, ముందు ఎత్తు వేసి, ఆ తర్వాత అడిగి, ఆ తర్వాత క్లాక్ నొక్కాలి. స్కోర్‌షీట్‌లో ఆ ఎత్తు పక్కన బ్రాకెట్లో సమానం గుర్తు కూడా ఇద్దరం రాసుకున్నాం. పెద్ద రేటింగ్ ఆటగాడు తనంతట తాను డ్రా అడిగితే మనసు లాగుతుంది, అది దాచడానికి ఏముంది, అర పాయింట్ వచ్చేస్తుంది, రేటింగ్ పెరుగుతుంది, పైగా బోర్డు మీద పావులు అటూ ఇటూ సమానంగానే ఉన్నాయి, ఇద్దరికీ ఐదేసి బంట్లు, రెండేసి రూక్‌లు, క్వీన్, గుర్రం. కానీ ఎలాంటి పొజిషన్లో అడిగారు అన్నది చూడాలి. నేను అలాంటప్పుడు రేటింగులు మర్చిపోయి ఒక్కటే చూస్తాను, ఇద్దరిలో ఎవరి పావులు కాపలా కాస్తున్నాయి, ఎవరివి స్వేచ్ఛగా తిరుగుతున్నాయి అని. సి8 రూక్ సి6కి కట్టుబడి ఉంది. క్వీన్, ఇ8 రూక్ రెండూ ఇ4కి కట్టుబడి ఉన్నాయి, ఒక్కటి పక్కకు జరిగినా ఇ4 పోతుంది. స్వేచ్ఛగా ఉన్నది ఆయన గుర్రం ఒక్కటే. నా వైపు చూస్తే కట్టుబడి ఉన్న పావు ఒక్కటీ లేదు.

నోటితో ఏమీ చెప్పలేదు. ఎఫ్1 రూక్‌ని పట్టుకుని సి1లో పెట్టాను. ఎత్తు వేయడానికి పావు ముట్టుకుంటే డ్రా కాదన్నట్టే, అది కూడా రూల్‌లో ఉంది.

ఈ 21. రూక్ సి1 చూడటానికి సాదాసీదాగా ఉంటుంది గానీ గేమ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఎత్తుల్లో ఇదొకటి. తొందరపడి బి1 రూక్‌ని బి6కి తీసుకెళ్లాలనిపిస్తుంది, కానీ అప్పుడు ఆయన సి5 తోసేస్తారు, నేను కొడితే ఆయన రూక్‌తో తిరిగి కొడతారు, ఆ బలహీనమైన బంటు మారిపోయి ఇన్నాళ్ల కాపలా నుంచి పావులన్నీ విడుదలవుతాయి. ముందే సి1లో రూక్ ఉంటే సి5 తోయలేరు, తోస్తే నేను డి4 బంటుతో కొట్టేస్తాను, తిరిగి రూక్‌తో కొట్టినా క్వీన్‌తో కొట్టినా నా క్వీన్ కొట్టేస్తుంది, వెనక రూక్ అండగా ఉంది. అంటే బంటు సి6లోనే ఇరుక్కుపోయింది. ముందు దాన్ని కదలనివ్వకుండా చేసి, ఆ తర్వాత కొట్టడానికి పోవాలి.

21వ ఎత్తుకి ఆయన గుర్రం హెచ్4. ఇప్పుడు ఆట వేడెక్కింది. తర్వాత క్వీన్ జి5కి వస్తే జి2 మీద మేట్ బెదిరింపు. నా క్లాక్‌లో అరగంటకి కాస్త పైన ఉంది. అందులో సగానికి పైగా ఈ ఒక్క ఎత్తు మీదే పెట్టాను.

భద్రంగా ఆడాలంటే గుర్రం ఎఫ్1 ఉంది, అక్కణ్నుంచి జి3కి వచ్చి రాజుకి అడ్డంగా నిలబడుతుంది. చెడ్డ ఎత్తేమీ కాదు. కానీ ఆ రెండు ఎత్తుల్లో ఆయన పావులు సర్దుకుంటారు. నేను చూస్తున్నది రూక్ బి6. సి6 మీద మూడు పావులు గురిపెడతాయి, కాపాడేది ఒక్క రూక్. దానికోసం రాజు మీద దాడిని లోపలికి రానివ్వాలి. లెక్క తప్పితే మేట్.

లెక్క ఇలా సాగింది. 22. రూక్ బి6 క్వీన్ జి5. ఇప్పుడు ఆశపడి సి6 కొడితే జి2 మీద వెంటనే మేట్, కాబట్టి 23. జి3 తప్పదు. ఇక ఆయన గుర్రానికి దారులు రెండు. ఎఫ్5కి వెనక్కి వస్తే నేను గుర్రాన్ని ఎఫ్1లో పెట్టి రాజుని కాపాడుకుని తర్వాత తాపీగా సి6 తింటాను. అది ఆయనకి నచ్చదు. ఎఫ్3లో చెక్ ఇస్తే నా గుర్రంతో కొట్టాలి, ఆయన ఇ4 బంటుతో కొడతారు. ఇప్పుడు బోర్డు చూస్తే భయమేస్తుంది. నల్ల బంటు నా రాజు మొహం మీద ఎఫ్3లో కూర్చుంది. క్వీన్ హెచ్5కో జి4కో వచ్చి, అక్కణ్నుంచి హెచ్3కి వస్తే జి2 మీద మేట్‌ని ఆపడం దాదాపు అసాధ్యం. ఆయన ఆశ అంతా ఆ రెండు ఎత్తుల మీదే.

అంటే ఆ క్షణం నుంచి నేను వేసే ప్రతి ఎత్తుకీ ఆయన జవాబు చెప్పి తీరాల్సిన పరిస్థితి ఉండాలి, ఒక్క ఖాళీ ఎత్తు దొరికినా నా పని అయిపోతుంది. మరి నా దగ్గర అలాంటి ఎత్తులున్నాయా? ఉన్నాయి, అన్నీ సి6 మీదే ఉన్నాయి. 25. రూక్‌తో సి6 బంటుని కొడతాను. ఆయన పట్టించుకోకుండా క్వీన్‌ని హెచ్5కి తెస్తే నేను సి8 రూక్‌ని కొడతాను, ఆయన రాజు ముందు ఎఫ్7, జి7, హెచ్7 బంట్లు ఒక్కటీ కదల్లేదు, కాబట్టి బ్యాక్ ర్యాంక్ మేట్ (రాజు చివరి అడ్డ వరుసలో ఇరుక్కుని మేట్ అవడం) నాదే ముందు వస్తుంది. ఆయన రూక్‌తో నా రూక్‌ని కొడితే, 26. క్వీన్‌తో కొడతాను. ఆ ఒక్క ఎత్తుతో క్వీన్ రెండు పనులు చేస్తుంది. ఒకవైపు ఇ8 రూక్ మీద పడుతుంది, అది కొడితే మేటే. ఇంకోవైపు సి6 నుంచి డి5, ఇ4 మీదుగా వెళ్లే వాలు గీత సరిగ్గా ఎఫ్3 దగ్గరికి చేరుతుంది. నన్ను చంపాల్సిన ఆ బంటుని కొట్టేస్తుంది.

ఆ వాలు గీత కనపడినప్పుడు నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి మంచినీళ్లు తాగి వచ్చి, మళ్లీ మొదటి నుంచి ఒక్కో ఎత్తూ సరిచూసుకున్నాను. గుర్రాన్ని జి2 మీద బలి ఇస్తే? రాజుతో కొట్టి, క్వీన్ చెక్ ఇస్తే హెచ్1కి పోతాను, డి2 గుర్రం ఎఫ్3ని కాపాడుతోంది, ఈలోగా సి6 పడుతుంది, ఇబ్బంది లేదు. సి8 రూక్‌ని మార్చకుండా డి8కి తప్పిస్తే? నా రూక్ సి8కి వెళ్లి దాన్ని మార్చుకోమని బలవంతం చేస్తుంది, తర్వాత క్వీన్ ఇ4కి వచ్చి ఎఫ్3 మీద కూర్చుంటుంది. అంతా సరిపోయింది. రూక్ బి6 వేసి ఎత్తు రాసుకున్నాను.

ఆయన పెద్దగా ఆలోచించకుండానే క్వీన్ జి5. నేను జి3. గుర్రం ఎఫ్3 చెక్. కొట్టాను. బంటుతో కొట్టారు. నేను రూక్‌తో సి6 కొట్టి క్లాక్ నొక్కాను. అప్పుడు ఆయన చెయ్యి క్వీన్ దాకా వచ్చి ఆగిపోయింది. వెనక్కి తీసుకుని, రెండు చేతులూ తలకి ఆనించి, చాలాసేపు బోర్డు వంకే చూశారు. బ్యాక్ ర్యాంక్ అప్పుడే కనిపించిందని నాకు తెలిసిపోయింది. చివరికి రూక్‌తో కొట్టారు, నేను క్వీన్‌తో కొట్టాను, ఆయన రూక్‌ని ఎఫ్8కి తప్పించారు, నేను 27. క్వీన్‌తో ఎఫ్3 కొట్టాను. దాడి అయిపోయింది. బోర్డు మీద నాకు క్వీన్, రూక్, ఐదు బంట్లు. ఆయనకి క్వీన్, రూక్, మూడు బంట్లు.

రెండు బంట్లు ఎక్కువ ఉంటే గెలిచేసినట్టే అని చూసేవాళ్లు అనుకుంటారు. క్వీన్, రూక్ రెండూ బోర్డు మీద ఉన్నంతసేపు అలా అనుకోకూడదు. ఒక్క చెక్, ఆ తర్వాత ఇంకో చెక్, అక్కడితో రూక్ పోవచ్చు. అప్పటికి నా దగ్గర టైమ్ కూడా తక్కువే ఉంది, ఇంక్రిమెంట్ మీద ఆధారపడి ఆడుతున్నాను. ఇలాంటప్పుడు నాది ఒకటే పద్ధతి, ముందు రాజుకి చోటు చూసుకోవడం, తర్వాత పావులన్నీ ఒకదానికొకటి అండగా ఉండేలా పెట్టుకోవడం, ఆ తర్వాతే బంట్లు తోయడం. 27వ ఎత్తుకి ఆయన క్వీన్ ఎ5 వేశారు, నేను 28. హెచ్4, ఆయన హెచ్6. 29. ఇ4 రూక్ డి8 30. డి5 రూక్ డి7. ఇప్పుడు డి5, ఇ4 బంట్లు పక్కపక్కన చేరాయి, రెండింటి వెనకా ఎఫ్3లో క్వీన్ ఉంది. 31. రూక్ సి6 వేశాను, ఆయన క్వీన్ ఎ1లో చెక్ ఇచ్చింది, 32. రాజు జి2. చెక్‌లు అక్కడితో అయిపోయాయి, నా క్వీన్ ఉన్న వాలు గీతలోనే రాజు కూడా దాక్కున్నాడు. క్వీన్ ఇ5కి వచ్చింది.

33. క్వీన్ ఎఫ్4. మార్చుకుందాం రండి అని. మార్చుకుంటే రూక్ ఎండ్‌గేమ్‌లో రెండు బంట్లు ఎక్కువ, ఆయనకి ఆశ లేదు, అందుకే క్వీన్‌ని ఇ7కి తప్పించారు. ఎక్కువ బంట్లు ఉన్నవాడికి ఇది పెద్ద ఆయుధం, మార్చుకోమని అడుగుతూ అడుగుతూ ఎదుటి క్వీన్‌ని మంచి గడుల నుంచి వెళ్లగొట్టొచ్చు.

34. రూక్ సి8 చెక్. ఇక్కడ ఆయన రూక్‌ని డి8లో అడ్డం పెట్టొచ్చు, అప్పుడు రూక్‌లు మారిపోయి క్వీన్ ఎండ్‌గేమ్ వస్తుంది, నాకు రెండు బంట్లు ఎక్కువే, కానీ చాలాసేపు చెక్‌లు తప్పించుకుంటూ ఆడాల్సి వచ్చేది. ఆయన రాజుని హెచ్7కి జరిపారు. నేను 35. ఇ5 తోశాను. ఈ ఎత్తుతో డి5 బంటుకి అండ పోయినట్టు కనిపిస్తుంది, ఆయన రూక్‌తో దాన్ని కొట్టొచ్చు. ఆయనకి కూడా అప్పటికి టైమ్ దాదాపు అయిపోయింది. కొట్టారు. 36. క్వీన్ ఇ4 చెక్. హెచ్7లో రాజు, డి5లో రూక్, రెండూ ఒకేసారి. రూక్‌ని ఎఫ్5కి తెచ్చి అడ్డం పెడదామన్నా దారిలో ఇ5 దగ్గర నా బంటు ఉంది. ఆయన జి6 వేశారు, నేను 37. క్వీన్‌తో డి5 రూక్‌ని తీసుకున్నాను. ఆయన ఒక్క క్షణం బోర్డు చూసి, క్లాక్ ఆపి, చెయ్యి చాచారు.

స్కోర్‌షీట్ల మీద ఇద్దరం రిజల్ట్ రాసి సంతకాలు పెట్టుకున్నాం, ఆర్బిటర్ వచ్చి తీసుకున్నారు. లోపల ఇంకా గేములు నడుస్తున్నాయి కాబట్టి మాట్లాడకూడదు, బయట ఎనాలిసిస్ గదిలో ఖాళీ బోర్డు దొరికితే కూర్చున్నాం. ఓడిపోయిన వెంటనే అలా కూర్చుని మాట్లాడటం అందరి వల్లా కాదు, నాకు ఆయన మీద గౌరవం అక్కడ ఇంకా పెరిగింది. నేను 22వ ఎత్తు గురించి అడుగుతారనుకున్నాను. ఆయన మాత్రం నేరుగా 19వ ఎత్తు దగ్గరికి పావులు పేర్చారు.

"ఇక్కడ క్వీన్‌తో కొట్టాలండీ. ఎండ్‌గేమ్ బాలేదని తెలుసు, కానీ ఓడిపోయేంత బాలేకుండా లేదు. మీ రాజు ఒంటరిగా కనిపించేసరికి బంటుతో కొట్టాను" అన్నారు.

"నేను కూడా క్వీన్‌తోనే కొడతారనుకున్నానండీ" అన్నాను.

ఆ ఎండ్‌గేమ్‌ని అక్కడే చాలాసేపు ఆడి చూశాం, పావులు మార్చి ఒకసారి నేను నల్లతో, ఒకసారి ఆయన నల్లతో. సి6 బంటుని కాపాడుకోవడం కష్టమే గానీ క్వీన్లు లేకపోతే దాని మీద గురిపెట్టే పావు ఒకటి తగ్గుతుంది, రాజు కూడా మెల్లగా సెంటర్‌కి వచ్చి సాయం చేస్తాడు, డ్రాకి అవకాశం బాగానే ఉంది. తర్వాత ఇంట్లో స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ పెట్టి చూసినా ఆ మాటే తేలింది. 22. రూక్ బి6 లైన్ కూడా అందులో పెట్టి చూశాను, చివరిదాకా సరిగ్గానే ఉంది, 23వ ఎత్తుకి గుర్రం ఎఫ్5కి వెనక్కి రావడమే ఆయనకి మంచి దారి.

ఈ గేమ్ తర్వాత నల్ల వైపు నుంచి కూడా ఈ స్ట్రక్చర్ చూడటం మొదలుపెట్టాను, ఎందుకంటే నేనూ డి4 మీద ఇదే డిఫెన్స్ ఆడతాను, నాకూ ఎవరో ఒకరు మైనారిటీ ఎటాక్ చేస్తారు. నాకు అర్థమైనంతలో నల్ల ముందే చేయాల్సినవి ఇవి. గుర్రాన్ని ఇ4కి తెస్తే అక్కడే మార్పిడికి వదిలేయకుండా డి6కి తీసుకెళ్లాలి, అక్కణ్నుంచి బి5ని, సి4ని కాపలా కాస్తుంది. లేదంటే జి6 బంటు వేసి, ఎఫ్8 గుర్రాన్ని ఇ6, జి7 మీదుగా తిప్పి, బిషప్‌ని ఎఫ్5కి తెచ్చి తెల్ల గడుల బిషప్‌లు మార్చుకోవాలి, తెల్ల వైపు దాడికి బలం ఆ డి3 బిషప్పే కాబట్టి. ఇంకొంత ధైర్యం ఉంటే, తెల్ల బి4 వేయగానే బి5 వేసి దారి మూసేసి, ఒక గుర్రాన్ని బి6 మీదుగా సి4లో కూర్చోబెట్టొచ్చు, సి6 వెనకబడిపోతుంది గానీ ఆ గుర్రం ముందు కూర్చుంటే తెల్ల రూక్‌లకి సి ఫైల్ కనపడదు. ఈ మూడో పద్ధతి ప్రాక్టీస్ గేముల్లో ఆడి చూస్తున్నాను, ఇప్పటిదాకా తెల్లతో ఆడేవాళ్లు అందరూ ఆ గుర్రాన్ని బిషప్‌తో కొట్టేయాలా వద్దా అన్న దగ్గరే చాలా టైమ్ ఖర్చు పెడుతున్నారు.